అత్తయ్య ఆకలి

మా పొలంలో ఆదివారంనాడు మా అత్తయ్యకు ఆకలైందంటే గోతిలో కోడి ఉడికినట్టే లెక్క. ఈ మాట మా ఆయన రవిశంకర్ వచ్చినవాళ్ళందరికీ చెప్పి మురిసిపోతుంటాడు. మా అత్తయ్య పుల్లమ్మ వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చుని ఉంటుంది. ఉన్నట్టుండి, "ఏమే రోహిణీ, ఆకలేస్తందే!" అని ఒక్క కేక వేస్తుంది. మా ఆయన పార అందుకుంటాడు. మట్టి తీసి ఆకులు విప్పితే లోపల కోడి సరిగ్గా ఉడికి ఉంటుంది.

మా ఆయన సంగతి ముందు చెప్పాలి, లేకపోతే ఈ గోతి సంగతి అర్థం కాదు. దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తున్న రోజుల్లో ఆయనకు షుగరు పట్టుకుంది. మాత్రలు పెరుగుతున్నాయి, మనిషి తరుగుతున్నాడు. అప్పుడు ఫోన్లో ఎవరో చెబుతుంటే విన్నాడట, రాతియుగం మనుషులకు షుగరే లేదని. వాళ్ళకు ఫోనూ లేదు కదా అన్నాను నేను. వినిపించుకోలేదు. ఉద్యోగం మానేసి, రొంపిచెర్ల దగ్గర మామగారి పొలంలో రెండు గదులు వేసి మమ్మల్ని తీసుకొచ్చాడు. పొలానికి మందులు కొట్టడం ఆగిపోయింది. ఇంట్లోంచి బియ్యం పోయాయి. గోధుమపిండి, కందిపప్పు, పంచదార, ప్యాకెట్ నూనె వరసగా బయటికి నడిచాయి. పాలు కూడా మానేద్దామన్నాడు గానీ, నెయ్యి దగ్గరికి వచ్చేసరికి తనే మెత్తబడ్డాడు.

చివరికి ఒకరోజు మిరపకాయ జోలికి వచ్చాడు. రాతియుగంలో మన దేశంలో మిరపకాయ లేదట.

"పల్నాట్లో పుట్టి మిరగాయ మానుకోమంటావేందిరా?" అని అత్తయ్య మంచం మీద నుంచి లేచింది. "అది లేకే పోయుంటారు ఆ రాతోళ్ళంతా."

దాంతో మా రాతియుగంలోకి మిరపకాయ వచ్చేసింది.

నిజం చెప్పాలంటే ఆ తిండి ఆయనకు పడింది. నాటుకోడి, గుడ్లు, కంద, చామ, చిలగడదుంప, ములక్కాడలు, గోంగూర, చింతచిగురు, దొడ్లో కాసిన జామకాయలు. మనిషి తేలికపడ్డాడు, మొహంలో కళ వచ్చింది. ఆ కళ చూసి చుట్టాలు వచ్చారు, వాళ్ళను చూసి నరసరావుపేట నుంచి ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చారు. ఆదివారం మా పొలంలో భోజనం అనేది ఒక అలవాటయింది. ఆ భోజనానికి పేరు తెచ్చింది మాత్రం గోతి కోడి. అది నా వంట.

గొయ్యి తవ్వి అడుగున వాగులోంచి తెచ్చిన నల్లరాళ్ళు పరుస్తాను. మొదటిసారి మా ఆయన ఊళ్ళో అందరి ఇళ్ళకూ వేసే నాపరాళ్ళు పరిచాడు. పల్నాడువాడు కదా, రాయి అంటే ఆయనకు నాపరాయే. నిప్పు అంటుకోగానే అవి టపటపా పేలి, ఇంకా కోయని కోడి ఒకవైపు, మా ఆయన ఒకవైపు పరుగెత్తారు. అప్పటి నుంచి రాళ్ళ విషయం కూడా నాదే. తుమ్మకట్టెలు కాల్చి, నిప్పులు కణకణలాడుతున్నప్పుడు మసాలా పట్టించిన కోడిని మోదుగాకుల్లో చుట్టి లోపల పెడతాను. చుట్టూ దుంపలు, పైన తడి గోనెసంచి, దాని మీద మట్టి. ఇక కంటికి కనిపించేది ఏమీ ఉండదు. చెవికి వినిపించేదీ ఉండదు. ఎప్పుడు తీయాలో చెప్పేది మట్టిలోంచి వచ్చే వాసన ఒక్కటే. ముందే తవ్వితే వేడి పోయి పచ్చిగా మిగులుతుంది, మళ్ళీ కప్పినా ఉడకదు. ఆలస్యమైతే బొగ్గు. మా ఆయన ఫోన్లో అలారం పెట్టి చూశాడు. ఒకసారి పచ్చి, ఒకసారి బొగ్గు. కట్టె ఒకలా ఉండదు, కోడి ఒకలా ఉండదు, మట్టిలో తడి అసలే ఒకలా ఉండదు.

కరోనా రోజుల్లో నాకూ అత్తయ్యకూ ఒకేసారి జ్వరం వచ్చింది. మమ్మల్నిద్దరినీ ఒకే గదిలో ఉంచి, మా ఆయన గుమ్మం దగ్గర ఎముకల చారు పెట్టి పారిపోయేవాడు. దేవుడి దయవల్ల ఇద్దరం లేచాం. అత్తయ్యకు తిండి మీద హితవు పోయింది. ఏం పెట్టినా, "గడ్డి తిన్నట్టుందే" అని మూతి తిప్పేది. బియ్యం మాన్పించినందుకు కక్ష తీర్చుకుంటోందని నేనూ మా ఆయనా చాటుగా నవ్వుకునేవాళ్ళం.

నాకు మాత్రం వాసన పోయింది.

ఉప్పు, పులుపు, కారం నాలుకకు తెలుస్తున్నాయి. అంతకు మించి ఏమీ లేదు. కరివేపాకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఉత్త గాలి. తల స్నానం చేసి వచ్చి కుంకుడు వాసన కోసం వెతుక్కున్నాను, లేదు. నరసరావుపేటలో డాక్టరుకు వేరే సాకుతో చూపించుకుంటే, "వస్తే వస్తుందమ్మా" అన్నాడు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే మా ఆయన మంచివాడు కాబట్టి, "అయితే నువ్వు రెస్ట్ తీసుకో" అంటాడు. గుంటూరు నుంచి ఒక వంటమనిషిని తెస్తాడు. పుట్టింట్లో గోపాలకృష్ణయ్య గారి అమ్మాయిని, ఇక్కడ రవిశంకర్ గారి భార్యను. రోహిణి అని నా పేరు పెట్టి జనం అడిగేది ఆ గోతి దగ్గరే. అది పోతే నాకంటూ ఏముంది? ఆ భయంతో నోరు మూసుకున్నాను.

పొయ్యి మీద వంట ఎలాగో నెట్టుకొచ్చాను. ఉల్లిపాయ వేగిందీ లేనిదీ చూపు చెబుతుంది, చప్పుడు చెబుతుంది. గోతి దగ్గరే నా పని అయిపోయిందనుకున్నాను. జ్వరం తగ్గాక మొదటి ఆదివారం, మట్టి అంచున చెప్పులు విప్పి కూర్చుని, ఏం చేయాలో తోచక కళ్ళు మూసుకున్నాను. అప్పుడు ఒక విచిత్రం జరిగింది. ముక్కుకు లేని వాసనలు కళ్ళు మూసుకుంటే వచ్చాయి.

ముందు ఆకు వాసన. మా అమ్మ వసారాలో కూర్చుని మోదుగాకులతో విస్తళ్ళు కుడుతోంది. తడి గుడ్డ కింద ఆకుల కట్ట. నేను ఆమె మోకాలికి ఆనుకుని పుల్లలు అందిస్తున్నాను. ఆ పచ్చి వాసన మెల్లగా వెచ్చబడుతుంది. తర్వాత నెయ్యి, వెల్లుల్లి, కాలిన మిరపకాయ కలిసిన వాసన. వంటింట్లో ఎవరో నవ్వుతున్నారు, ఎవరో తెలియదు, నాకు మాత్రం వాళ్ళంటే ఇష్టం. ఎంతసేపయినా అక్కడ ఉండిపోవచ్చు. అన్నిటికన్నా చివర మట్టి వాసన. అది వచ్చినప్పుడు నేను మా నాన్న కళ్ళంలో ఉంటాను. ఎర్రగా ఆరబోసిన మిరపకాయల మీద అకాలంగా వాన మొదలవుతుంది. అందరూ టార్పాలిన్ పట్టాలు పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తుతుంటే, నేను ఒక్కదాన్నే ఆ వాసనకు కదలకుండా నిలబడి ఉంటాను. "ఏందే అట్టా నిలబడ్డావ్, పట్టా కప్పు!" అని మా నాన్న అరుస్తాడు. ఉలిక్కిపడి కళ్ళు తెరుస్తాను.

ఆ ఆదివారం కళ్ళు తెరిచేసరికి మంచం మీద నుంచి అత్తయ్య కేక వినిపించింది.

"ఏమే, ఆకలేస్తందే!"

తవ్వి చూస్తే కోడి సరిగ్గా ఉడికింది. నా ప్రాణం లేచొచ్చింది. జ్వరానికి ముందు నుంచీ ఆవిడ అలా కేక వేసేది, అప్పుడు నాకు దాని అవసరం ఉండేది కాదు. ఇప్పుడు అర్థమైంది. వారమంతా గడ్డి అని మూతి తిప్పే మనిషికి, ఆదివారం గోతిలోంచి వాసన వచ్చేసరికి కడుపు కదులుతోంది. ఆవిడ ముక్కు గట్టిది. నాకు ముక్కు లేకపోతే ఏం, అత్తయ్య ఆకలి ఉంది కదా! అప్పటి నుంచి ఆవిడను గడియారంలా వాడుకుంటూ వచ్చాను. ఆవిడకు తెలియకుండా ఆవిడ ముక్కుతో బతుకుతున్నానని లోపల్లోపల నా తెలివికి నేనే మెచ్చుకునేదాన్ని. కేక వినపడేదాకా నాకు నా కల ఉండేది. ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదాన్ని.

మొన్న మాఘమాసంలో నవీద్ వచ్చాడు. నరసరావుపేట కుర్రాడు, తిండి వీడియోలు తీస్తాడు. అతని వీడియోలు చూసేవాళ్ళు చాలామంది. భార్య రజియా కూడా వచ్చింది. కోడిని నవీదే బిస్మిల్లా అని కోసి నా చేతికిచ్చాడు. అంతా లైవ్‌లో పెడతామన్నారు. మా ఆయన ఇస్త్రీ చొక్కా తొడిగాడు. నాకు కొత్త చెప్పులిచ్చి, గోతికి కొంచెం ఎడంగా ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు.

మట్టి కప్పడం అయ్యాక మా ఆయన ఫోన్ ముందుకొచ్చి తన పాఠం అప్పజెప్పాడు. "మా అమ్మకు ఆకలైతే కోడి ఉడికినట్టేనండీ. అదే మా సీక్రెట్."

దాంతో నవీద్ ఫోన్ పట్టుకుని అత్తయ్య మంచం దగ్గర చేరాడు. నిమిషానికోసారి, "ఆకలైందా అమ్మమ్మా?" అంటున్నాడు.

"ఉండు నాయనా. ఆకలేమన్నా కుళాయా, తిప్పంగానే రావటానికి?" అంది అత్తయ్య. అంటూనే నా వైపు చూసింది.

ఇక్కడ రజియా నన్ను వదలడం లేదు. రెండో ఫోన్ నా మొహం ముందు పెట్టింది. "అక్కా, వాసన ఎట్టుంటదో మా వాళ్ళకు కొంచెం చెప్పండి."

చెప్పాను. ఆకు గురించి, నెయ్యి గురించి, మట్టి గురించి చెప్పాను. లేని వాసన గురించి అంత బాగా మాట్లాడతానని నాకే తెలియదు. రజియా కళ్ళు పెద్దవి చేసుకుని వింటోంది. ఒకటి చెప్పగానే ఇంకోటి అడుగుతోంది. ఈ రాళ్ళు ఎక్కడివి, ఆ కంద ఎప్పుడు నాటారు, బియ్యం లేకుండా ఎలా ఉంటున్నారు. పక్క చేలో మిరపకళ్ళం ఎర్రగా మెరుస్తోంది. ఎండ మెత్తగా ఉంది. ఒక్కసారి కళ్ళు మూసుకుందామంటే కుదరడం లేదు. సరేలే, కేక వేయడానికి అత్తయ్య ఉందిగా అనుకున్నాను.

కాసేపటికి గమనించాను, గోతి మీద ఉండాల్సిన వేప నీడ పక్కకు జరిగిపోయింది. ఎప్పుడూ ఆ నీడ ఉండగానే తీసేవాళ్ళం. మా ఆయన పార పట్టుకుని, "అమ్మా, ఇంకా కాలేదా?" అన్నాడు. అత్తయ్య చూపు నా మీదే ఉంది, గుడ్లురిమి చూస్తోంది. ఆ చూపుకు అర్థం నాకు తెలియలేదు.

మంచినీళ్ళు ఇచ్చే నెపంతో మంచం దగ్గరికి వెళ్ళాను. నవీద్ ఫోన్ పొలం వైపు తిప్పిన సమయం చూసి వంగి అడిగాను.

"అత్తయ్యా, ఆకలి కాలేదా?"

ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇయ్యాల కళ్ళు మూయలేదేందే నువ్వు?" అంది గుసగుసగా.

"నా కళ్ళతో మీకేం పని?"

"నువ్వు కళ్ళు తెరిస్తేనే గదే నేను ఆకలనేది! మూస్తేగా తెరవటానికి. పొద్దుట్నుంచి ఆ పిల్లతో ఒకటే సొల్లు."

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఆపైన అర్థమైంది, ఆవిడ కేక వేసేది వాసన చూసి కాదు, నన్ను చూసి. మంచం పట్టె మీద కూలబడ్డాను. ఇక దాచి లాభం లేదు.

"నాకు వాసన రాదు అత్తయ్యా. ఆ జ్వరంతోనే పోయింది. ఇన్నాళ్ళూ మీ కేక వినే తీయిస్తున్నా."

ఆవిడ నోట్లో వక్క నములుతున్నదల్లా ఆపేసింది. నన్ను ఎగాదిగా చూసింది.

"ఆ జ్వరం నీ ఒక్కదానికే వచ్చిందటే?"

ఒకే గదిలో, పక్కపక్క మంచాల మీద పడుకున్నాం. గడ్డి తిన్నట్టుందే, గడ్డి తిన్నట్టుందే అని ఆవిడ రోజూ చెబుతూనే ఉంది. బియ్యం కోసం పంతమనుకుని నవ్వుకున్నాం. నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"నువ్వెందుకు చెప్పలా?" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నడుం వంగదు, చేలోకి పోలేను. వారానికి ఒక్క కేక. నలుగురూ నా దిక్కు చూస్తారు. అది కూడా లేకపోతే ఈ ఇంట్లో నేనెందుకే?"

అచ్చంగా నా మాట. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడతో పోట్లాడాను, సర్దుకున్నాను, సేవ చేశాను. ఆవిడంటే నాకు ఇంత ప్రేమ ఉందని మాత్రం ఆ మంచం పట్టె మీదే తెలిసింది. ఏడవబోయాను.

"తర్వాత ఏడుద్దువు గానీ, ముందు కోడి సంగతి చూడు," అని అత్తయ్య కసిరింది. "అందరూ నవ్వుతారు. పో, ఆ చెప్పులిప్పి గోతి పక్కన కూసో. కళ్ళు మూస్కో."

"కళ్ళు మూసుకుంటే ఏం తెలుస్తుంది అత్తయ్యా? అది ఉత్త కల."

"ఆ కల ఎప్పుడన్నా తప్పిందటే?"

తప్పలేదు. ఆవిడకు ముక్కు లేదు, నాకూ లేదు. మరి ఇన్ని ఆదివారాలు కోడిని సరిగ్గా తీసిందెవరు? ఆలోచించే వ్యవధి లేదు. అత్తయ్య మంచం మీద నిటారుగా కూర్చుని, అందరికీ వినపడేలా గొంతెత్తింది.

"ఎవురూ మాట్లాడబాకండి. నా కోడలు కాసేపు కునుకు తీస్తది."

"ఇప్పుడు కునుకేందే అమ్మా?" అని మా ఆయన బిత్తరపోయాడు.

"నువ్వు నోరు మూస్కోరా!"

నవీద్ ఫోన్ తిప్పడం మర్చిపోయి అలాగే నిలబడిపోయాడు. రజియా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను చెప్పులు విప్పి, గోతి అంచున మట్టి మీద పాదాలు ఆనించి కూర్చున్నాను. మట్టి వెచ్చగా ఉంది. కళ్ళు మూసుకున్నాను.

ముందు ఏమీ రాలేదు. నా గుండె చప్పుడే వినిపిస్తోంది. అమ్మ వసారా కోసం వెతికాను, విస్తళ్ళ కట్ట కోసం వెతికాను. అమ్మ లేదు. వంటింట్లో నవ్వే మనుషులు లేరు. అందరూ ఎక్కడికో వెళ్ళిపోయారు. ఇక రాదేమో అనుకున్నాను. అంతలో అరికాళ్ళ కింద నుంచి వెచ్చదనం మెల్లగా పైకి పాకింది. ఎర్రటి కళ్ళం కనిపించింది. మొదటి చినుకు మిరపకాయ మీద పడింది, రెండోది నా నుదుటి మీద పడింది. వాసన వచ్చింది. ఇన్నాళ్ళూ ఆకు దగ్గర మొదలయ్యే కల ఈసారి తిన్నగా వాన దగ్గరే మొదలైంది. పట్టా అంచు పట్టుకుని మా నాన్న నా వైపు పరుగెత్తుకొస్తున్నాడు. నాన్నా, ఒక్క నిమిషం, ఇంకొక్క నిమిషం ఉండనీయ్ అనాలనిపించింది. ఆయన నోరు తెరిచాడు.

కళ్ళు తెరిచాను. మంచం మీద అత్తయ్య కళ్ళు నా కళ్ళ కోసమే కాచుకుని ఉన్నాయి.

"ఆకలేస్తందే!" అని కేక పెట్టింది. మూడు చేల అవతలికి వినపడి ఉంటుంది.

మా ఆయన మట్టి లాగాడు. గోనెసంచి తీశాం. అడుగు ఆకులు నల్లగా మాడిపోయాయి, ఒక కాలు కొంచెం కమిలింది. మిగతాదంతా వేలితో నొక్కితే ఎముక వదిలి వచ్చింది. ఇంకాస్త ఆగి ఉంటే అంతా బొగ్గే. నవీద్ కమిలిన ముక్కే తీసుకుని తిని, అదే అన్నిటికన్నా బాగుందన్నాడు. మర్యాదస్థుడు. రజియా కంద ముక్క నోట్లో పెట్టుకుని, ఫోన్ సంగతి మర్చిపోయి ఇంకోటి తీసుకుంది.

మా ఆయన లైవ్‌లో చొక్కా సవరించుకున్నాడు. "చూశారు కదండీ, మా అమ్మ ముక్కు!"

అత్తయ్య నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది, నేను గోతి వైపు తిరిగి రాళ్ళు సర్దుతున్నట్టు నటించాను. నవ్వు ఆగక భుజాలు కదులుతుంటే, పొగ పట్టిందా అక్కా అని నవీద్ అడిగాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక మా ఆయన గదిలోకి కునుకు తీయడానికి పోయాడు. ఆయనకు ఈ సంగతి ఇంకా తెలియదు. ఏదో ఒక రోజు చెబుతాను, తొందరేముంది. నేనూ అత్తయ్యా ఒకే ఆకు ముందు పెట్టుకుని వేపచెట్టు కింద కూర్చున్నాం. రొమ్ము ముక్క చిన్నగా తుంచి, కందతో కలిపి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. చాలాసేపు నమిలింది.

"ఏమన్నా వాసన తగిలిందా అత్తయ్యా?"

"లే. గడ్డే," అంది.

నేను తల వంచుకున్నాను. ఆవిడ అరచెయ్యి మళ్ళీ నా ముందుకు వచ్చింది.

"పెట్టవే. ఇయ్యాల నిజంగానే ఆకలేస్తంది."